పసుపు చీటీ అంటించిన చోట

పదకొండోది చచ్చింది. కేయా దాన్ని నీలం ట్రేలో మిగతావాటి పక్కన పడుకోబెట్టింది, తోకలన్నీ ఒకే వైపు ఉండేట్టు, అలా పెట్టమని ఎవరూ చెప్పలేదు, అమ్మ బుట్టలో చేపల్ని అలాగే పేర్చేది కనక ఆ చేతులకు ఇంకో పద్ధతి తెలియదు. ఇంకా ముప్ఫై అయిదు చిట్టెలుకలు ఉన్నాయి. గోడ గడియారంలో నాలుగూ అయిదు. అయిదింటికల్లా ఈ గది ఖాళీ అయిపోవాలి, రేపు పొద్దున ఈ అరల్లోకి తోటి విద్యార్థి ఋతబ్రత ఎలుకలు దిగుతున్నాయి, వాటికి పూలదండలొక్కటే తక్కువ. గ్యాసు సిలిండర్ ఉంటే అన్నిటినీ ఒక డబ్బాలో వేసి మూతపెట్టి మొహం తిప్పుకుని నిలబడితే సరిపోయేది, కానీ ప్రాజెక్టు గడువు మార్చి నెలాఖరుకు తీరిపోయింది, ఏప్రిల్ ఒకటో తారీఖున కంపెనీ మనిషి వచ్చి తన సిలిండర్ తాను దొర్లించుకుపోయాడు, కాబట్టి చేత్తోనే. పన్నెండోది తోక పట్టుకోగానే తీగల మూతను నాలుగు కాళ్లతో కరుచుకుంది. వేళ్లు మెడ వెనక పడ్డాయి, ఒక్క గుంజు, ఎండిన చిక్కుడుకాయ విరిచినంత చప్పుడు. ఆ చప్పుడు చెవికి అందదు, బొటనవేలి ఎముకకు అందుతుంది. నాలుగేళ్లుగా అందుతూనే ఉంది, ఇంకా అలవాటు కాలేదు, అలవాటైందని మాత్రం అందరికీ చెబుతుంది. పదమూడు.

కిటికీ గట్టు మీద ఫోను వెల్లకిలా పడుకుని ఉంది. ఢిల్లీ సంస్థ వాళ్లు శుక్రవారం సాయంత్రంలోగా ఫెలోషిప్ ఫలితాలు మెయిల్ చేస్తామన్నారు, ఇవాళే శుక్రవారం, వాళ్ల సాయంత్రం ఎన్నింటికి మొదలవుతుందో ఎవరికి తెలుసు. ఆ ఫెలోషిప్ వస్తే మూడేళ్లు కేయాకు బతుకు, ఈ ఎలుకల వంశానికీ బతుకు. రాకపోతే వీటికి యజమాని లేనట్టే, యజమాని లేని జంతువును ఒక్క పూట కూడా ఈ భవనంలో ఉంచకూడదని యూనివర్సిటీ నీతి సంఘం కాగితం మీద రాసిచ్చింది. చంపమని రాసిచ్చేవాళ్లకు నీతి సంఘం అని పేరు పెట్టినవాడు ఎదురుపడితే వాడి చేతిలో ఒక ఎలుకను పెట్టి చూడాలి. ఇంకో యూనివర్సిటీకి ఇచ్చేద్దామని పదిహేను చోట్లకు రాసింది, పద్నాలుగు చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు, పదిహేనోవాళ్లు తీసుకుంటామన్నారు గానీ ఆరు నెలల తరవాత. అన్నిటినీ బతికించక్కర్లేదు, ఒక్క జత చాలు. అందుకే చివరి అరలో చివరి డబ్బా ఇంకా ముట్టుకోలేదు, అందులో నాలుగు వందల పదిహేడో నంబరు ఆడది, నిండు కడుపుతో, దానితోపాటు నాలుగు వందల రెండో నంబరు మగది. అయిదు లోపల మెయిల్ వస్తే ఆ రెండూ బతుకుతాయి, వాటి వెనకాల ఇరవై మూడు తరాలు బతుకుతాయి. పద్నాలుగు. పదిహేను.

"దిదిమొణీ, కాసిన్ని మంచినీళ్లు తాగుతారా?"

గుమ్మం దగ్గర నిమాయ్ దా, ఆమెకు ఆయన అన్న, ఆయనకు ఆమె అక్కగారు. ముప్ఫై ఏళ్లుగా ఈ ఎలుకల గదికి కాపలా, వచ్చే ఏడాది రిటైరవుతాడు. ఖాళీ అయిన డబ్బాలు తీసుకెళ్లి కడగడం ఇవాళ ఆయన పని, వచ్చిన ప్రతిసారీ ట్రే కంట పడకుండా గోడ వైపు మొహం పెట్టి పక్కవాటుగా నడుస్తున్నాడు.

"వద్దు నిమాయ్ దా."

"నిదానంగా కానివ్వండి. అయిదంటే అయిదే కదా, నాలుగున్నర కాదు కదా. నేను గడియారం చూడ్డం మర్చిపోయాననుకోండి, అయిదుంపావు కూడా అవుతుంది."

"లాహిరి సర్ వస్తే?"

"ఆయనా? మీ ప్రొఫెసరుగారు ఈ గుమ్మం తొక్కి పద్దెనిమిదేళ్లయింది. వాసన పడదు ఆయనకి."

నిమాయ్ దా నడుస్తుంటే ఇవాళ చప్పుడు లేదు. తాళాలగుత్తిని తువ్వాల్లో మూటగట్టి నడుముకు దోపుకున్నాడు, చచ్చేవాటిని కూడా ఎందుకు భయపెట్టాలి అని. అసలు ఇదంతా ఆ గుత్తితోనే మొదలైంది. నాలుగేళ్ల కిందట కేయా పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఇదే గదిలో నిమాయ్ దా చేతిలోంచి గుత్తి జారి సిమెంటు నేల మీద ఖణేల్మని పడింది, నలభై డబ్బాల్లో ముప్ఫై తొమ్మిది డబ్బాలు ఒక్కసారి ఉలిక్కిపడి ఊరుకున్నాయి, ఒక్క డబ్బాలో మాత్రం ఒక ఎలుక గోడవారనే గిరగిరా పరుగెత్తి, మూతకు తగిలేంత ఎత్తు ఎగిరి, పక్కకు పడి, కాళ్లు వెనక్కి కర్రల్లా బిగుసుకుపోయి కొట్టుకుంది. దీనికి పిచ్చి పట్టింది తీసి అవతల పారెయ్ అన్నాడు పక్కనే ఉన్న ఋతబ్రత. కేయా పారెయ్యలేదు. ఆ బిగుసుకున్న కాళ్లను ఆమె అంతకుముందు చూసింది. పదకొండేళ్ల వయసులో, కానింగ్ ఊరు దాటాక, చేపల చెరువు గట్టు మీద, మోకాలి లోతు నీళ్లలోంచి లాక్కొచ్చి పడేసిన నాన్న కాళ్లు. చెరువుకు కాపలా ఆయన, మూర్ఛ వచ్చి బోర్లా పడ్డాడు, అంత తక్కువ నీళ్లలో మనిషి మునిగిపోతాడని ఎవరూ అనుకోలేదు, ప్రాణం పోయిందని తెలిశాక కూడా ఎవరో ఇనప తాళాలగుత్తి తెచ్చి పిడికిట్లో కుక్కారు, ఇనుము పట్టుకుంటే ఫిట్స్ ఆగుతాయని. మళ్లీ ఆ గుత్తి బయటికి తీయడానికి ముగ్గురు మగవాళ్లు ఆయన వేళ్లు ఒక్కొక్కటీ విరిచినట్టు విప్పారు. ఆ చప్పుడు. పంతొమ్మిది. ఇరవై. ఆ చప్పుడూ ఎండిన చిక్కుడుకాయదే.

ఆ ఒక్క ఎలుక నుంచి మొదలుపెట్టి, గుత్తి గలగలకు పడిపోయిన పిల్లను పడిపోయిన పిల్లతో జతకలుపుతూ, పడిపోని వాటిని పక్కకు తీసేస్తూ, తీసేయడమంటే ఇదే, బొటనవేలు, తోక, గుంజు, అలా ఇరవై మూడు తరాలు. ఇప్పుడు తాళాలు గలగలమంటే పడిపోని ఎలుక ఈ గదిలో లేదు. వీటి మెదడులో ఏ తలుపు తెరుచుకుంటుందో, ఏ మందు ఆ తలుపు మూస్తుందో కనుక్కోవచ్చు, అదీ ఆమె ఆలోచన, ఎవరూ చెప్పింది కాదు, పుస్తకంలో దొరికింది కాదు, గైడ్ లాహిరిది అసలే కాదు, సొంతంగా తనకు తట్టిన ఆలోచన. ఈ మాటను ఇంత స్పష్టంగా తనలో తాను అనుకోవడానికే ఆమెకు నాలుగేళ్లు పట్టింది. పైకి ఒక్కసారి కూడా అనలేదు. ఇరవై రెండోది. దీని చెవి చివర చిన్న గాటు, ఇది మూడు వందల యాభై నాలుగో నంబరుకు మనవరాలు, పుట్టినప్పుడు పాలు తాగకపోతే సిరంజితో తాగించింది. ఇరవై రెండు. సారీ తల్లీ. ఇరవై మూడు.

ఫోను వెలిగింది. చేతి తొడుగుతోనే పరుగెత్తింది. హాస్టల్ మెస్ వాళ్లు, రాత్రికి గుడ్డు కూరా చేప కూరా అని. ఆమె ఫోనును మళ్లీ గట్టు మీద పెట్టి, తిరిగొచ్చి, ఇరవై నాలుగోదాన్ని కావలసినదానికంటే గట్టిగా గుంజింది, ముక్కులోంచి ఒక ఎర్రటి చుక్క తెల్లటి మూతి మీదికి వచ్చింది. దాని తప్పేముంది. తప్పెవరిదో వాడి మెడ ఈ ట్రేలోకి పట్టదు. లాహిరి మెడ లావుగా ఉంటుంది, కాలరు మీదుగా ఒక మడత, ఆ మడత కిందే వెన్నుపూస మొదటి ఎముక, మనిషికీ ఎలుకకీ ఎముక అదే, పేరు కూడా అదే, ఆయనే పాఠం చెప్పాడు. బొటనవేలు చాలదు. రెండు చేతులూ కావాలి. మోకాలు వీపు మీద పెట్టాలి. ఇలాంటివి ఆలోచిస్తున్నందుకు కేయాకు భయం వేసింది, భయం వేసినా ఆపలేదు, ఇరవై అయిదో దాని దగ్గర ఆయన కళ్లజోడు కింద పడి పగిలింది, ఇరవై ఆరో దాని దగ్గర ఆయన "కేయా, కేయా" అన్నాడు, అదే ప్రేమగా, రుచి చూడమని ఎవరికో మిఠాయి ఇస్తున్నట్టు పిలిచే ఆ గొంతుతో.

ఆ గొంతుతోనే అన్నాడు జనవరిలో. "సిఫార్సు లేఖా? దానికేముంది, నువ్వే రాసుకొచ్చెయ్. పసుపు చీటీ అంటించు సంతకం ఎక్కడ పెట్టాలో, పెట్టేస్తా." అభ్యర్థి గురించి గైడ్ తన మనసులో మాట గుట్టుగా రాసి సంస్థకు నేరుగా పంపాలి, అభ్యర్థి కంట పడకూడదు, అదీ నియమం. ఆ నియమం ఢిల్లీలో ఉంది. ఈ భవనం మూడు అంతస్తుల్లో ఏ గైడూ ఏనాడూ ఏ లేఖా రాయలేదు, ఎవరి గురించి వాళ్లే రాసుకుంటారు, ఎవరి చీటీ వాళ్లే అంటించుకుంటారు. చీటీ లేకపోతే లాహిరికి సంతకం ఎక్కడ పెట్టాలో తెలియదు, ఒకసారి లైబ్రరీ వాళ్ల దరఖాస్తులో తండ్రి పేరు ఉండే చోట పెట్టేశాడు. ఈ గది రిజిస్టర్ కూడా అంతే. జంతువును చంపడానికి అనుమతి ఉన్న మనిషి పేరు లాహిరిది, చంపేది కేయా, వారానికోసారి రిజిస్టర్ ఆయన బల్ల మీదికి వెళుతుంది, పసుపు చీటీ ఉన్న చోట సంతకం పడుతుంది. "ఎలా చనిపోయింది" అన్న గడిలో ఎప్పుడూ ఒకే మాట, "తక్షణం, నొప్పి లేకుండా". నాలుగేళ్లలో వేల సార్లు రాసింది ఆ మాట. ఇరవై ఏడోది కరిచింది. తొడుగు చిరిగి బొటనవేలి పక్కన రెండు చిన్న రంధ్రాలు, రక్తం వెంటనే రాలేదు, ఒక క్షణం ఆలోచించుకుని వచ్చింది. మంచిపని చేశావే, అంది కేయా, నువ్వొక్కదానివైనా చేశావు. ఇరవై ఏడు.

మూడు రోజులు కూర్చుంది ఆ లేఖ ముందు. తన గురించి తానే, కానీ లాహిరి నోటితో. "కేయా నస్కర్ స్వతంత్రంగా ఆలోచించగల పరిశోధకురాలు" అని రాసింది, రాసి చదువుకుంది, ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది, కొట్టేసింది. ఎవరంటున్నారు ఈ మాట? నేనే అనుకుంటున్నాను. ఎవరైనా చూస్తే? చూడరు, కానీ నేను చూస్తున్నాను కదా. "చెప్పిన పని శ్రద్ధగా చేస్తుంది" అని రాసింది. అది నిజం, అది అనడానికి ఎవరికీ సిగ్గక్కర్లేదు. "క్రమశిక్షణ గలది. పని సంతృప్తికరం." కింద రెండు వరసలు ఖాళీ వదిలింది. ఇంటికొచ్చిన పెద్దవాళ్లకు వడ్డించేటప్పుడు కూరలో ఉప్పు కాస్త తగ్గించి ఉప్పుగిన్నె పక్కన పెడతాం కదా, కావాలంటే వాళ్లే కలుపుకుంటారని, అలాగ. ఆయన చదువుతాడు, కళ్లజోడు పైకెత్తి, "ఇదేంటి కేయా, ఇంత తక్కువ రాసుకున్నావేంటి, నువ్వు ఇంతేనా?" అంటాడు. పెన్ను తీసి ఆ ఖాళీలో ఏదో ఒకటి తన చేత్తో రాస్తాడు. ఆ ఒక్క మాట వినాలని ఉండింది ఆమెకు. అంతే. ఫెలోషిప్ కంటే కూడా ఆ మాట కావాలనిపించింది, ఇప్పుడు చచ్చిన ఎలుకల మధ్య నిలబడి ఒప్పుకోవడానికి మొహమాటం ఏముంది. ముప్ఫై. ముప్ఫై ఒకటి. లాహిరి ఫోనులో మాట్లాడుతూనే పసుపు చీటీ పీకి, సంతకం పెట్టి, కాగితం చూపుడువేలితో ఆమె వైపు తోశాడు. ఆ ఖాళీలో ఆయనే ఏదైనా కలుపుతాడేమోనని ఆమె కాసేపు అక్కడే నిలబడింది. "ఇంకేమైనా ఉందా?" అన్నాడు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి. లేదు సర్ అంది.

ఆయన ఆమెను మెచ్చుకోలేదని కాదు. ఒకసారి మెచ్చుకున్నాడు, లాబ్ వాళ్లందరూ మరమరాలు తింటూ కూర్చున్న సాయంత్రం. "మన కేయాది చేపలు కోసే చెయ్యి, తరతరాల చెయ్యి, అందుకే ఎలుక దగ్గర వణకదు" అన్నాడు, అందరూ నవ్వారు, ఋతబ్రత అందరికంటే ఆలస్యంగా నవ్వాడు, అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. ఆ రోజు నుంచి లాబ్‌లో ఎవరి జంతువును చంపాలన్నా కేయాను పిలిచేవాళ్లు. అవును, చేపలు కోసే చెయ్యే. అమ్మ సోనార్‌పూర్ బజారులో కత్తిపీట ముందు కూర్చుంటే కొర్రమీను తోక పట్టుకోవడం కేయా పని, అమ్మ కర్రతో తల మీద కొట్టేది, అది చావదు, మళ్లీ కొట్టేది, కన్ను బయటికొచ్చినా తోక ఇంకా అరచేతిలో తన్నుతూనే ఉండేది, "గట్టిగా పట్టుకోవే, వదిలితే దానికే బాధ" అనేది అమ్మ. పక్క బుట్ట హరిపదది. వాడు పొద్దున్నుంచి గొంతు చించుకునేవాడు, నా చేప చూడండి, నా చేప కన్ను చూడండి, నిన్నటి చేపను కూడా నీళ్లు చల్లి ఇవాళ్టిదని అరిచేవాడు. అమ్మ అరిచేది కాదు. "మన చేప మంచిదైతే కొనేవాడి కంటికి కనపడదా?" అనేది. పన్నెండింటికి హరిపద బుట్ట బోర్లించి బీడీ వెలిగించేవాడు. అమ్మ బుట్టలో చేపల కళ్లు తెల్లబడేవి, వాటిని ఇంటికి తెచ్చి పసుపేసి ఉడికించేది, అయిదేళ్ల పాటు కేయా తిన్నది ఆ మంచి చేపలనే. ముప్ఫై అయిదు. ఋతబ్రత తన లేఖ తానే చదివి వినిపించాడు క్యాంటీన్లో, సిగ్గూ ఎగ్గూ లేకుండా, మట్టి కప్పులో టీ చప్పరిస్తూ. "నా ముప్ఫై ఏళ్ల అధ్యాపక జీవితంలో ఇంతటి మేధావిని చూడలేదు." ఎవరు చూడలేదురా అని ఎవరో అడిగితే, సారే చూడలేదు, కింద సంతకం చూడు అన్నాడు. వాడికి ఫెలోషిప్ మార్చిలోనే వచ్చింది, ఇంకో సంస్థ నుంచి. వాడి మీద కోపం రాలేదు కేయాకు, ఇప్పుడూ రావడం లేదు, వచ్చి ఉంటే బాగుండేది, కోపమంతా ఎటు పోవాలో తెలియక వేళ్లలో ఉండిపోయింది. ముప్ఫై ఆరు. ముప్ఫై ఏడు.

కిటికీ అవతల మబ్బు పట్టింది, వైశాఖపు గాలివాన వచ్చే ముందు పడే ఆకుపచ్చ చీకటి. నిమాయ్ దా లైటు వేశాడు. నలభై ఒకటోదాన్ని ట్రేలో పెడుతుండగా ఫోను వెలిగింది. ఈసారి పరుగెత్తలేదు. తొడుగు తీసి, చెయ్యి కోటుకు తుడుచుకుని, రక్తం ఇంకా వస్తుంటే వేలు నోట్లో పెట్టుకుని, ఎడమ చేత్తో తెరిచింది. నాలుగూ నలభై రెండు. చింతిస్తున్నాం అన్న మాట మొదటి వరసలోనే ఉంది, అక్కడితో ఆగితే సరిపోయేది, ఆమె ఆగలేదు, కింద పరిశీలకుల అభిప్రాయం అని ఉంటే అది కూడా చదివింది. "ప్రతిపాదన ఆసక్తికరంగా ఉంది. అయితే ఈ ఆలోచన అభ్యర్థిదా, గైడ్‌దా అన్నది తేలడం లేదు. స్వయంగా గైడే అభ్యర్థి పని సంతృప్తికరమని మాత్రమే అన్నారు. దగ్గరగా చూసిన మనిషికే లేని నమ్మకం మాకు కలగలేదు."

మళ్లీ చదివింది. దగ్గరగా చూసిన మనిషి. సంతృప్తికరం అన్నది ఎవరు? నేను. నమ్మకం లేనిది ఎవరికి? ఈ నలభై ఒక్క మెడలు గుంజింది ఎవరు? జనవరిలో మూడు రోజులు కూర్చుని నా మెడ కూడా నేనే గుంజాను, తక్షణం, నొప్పి లేకుండా. ఆమె గోడకు తల ఆనించింది, ఒకసారి కొట్టుకుంది, గట్టిగా, గోడ సున్నం నుదుటికి అంటుకుంది. నిమాయ్ దా వెనక నుంచి "దిదిమొణీ!" అన్నాడు. "రాలేదు" అంది. ఆయన తువ్వాలు మూటను నడుము దగ్గర ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు. నలభై రెండు, నలభై మూడు, నలభై నాలుగు. చేతులు ఎంత తొందరగా పనిచేశాయంటే గడియారం ముల్లు రెండు గీతలు కూడా కదల్లేదు. చివరి అర, చివరి డబ్బా. నాలుగు వందల రెండో నంబరు మగదాన్ని తీసింది, దాని వెనకాలే ఆడది మూత దాకా లేచి వాసన చూసింది, మూతి మీద మీసాలు వణికాయి. నలభై అయిదు. ఇంకొకటి. పొట్ట కింద చెయ్యి పెడితే లోపలి పిల్లలు చిన్న చిన్న బఠాణీల్లా వేళ్లకు తగిలాయి, కదిలాయి. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మూత మళ్లీ పెట్టేసింది.

అప్పుడే వినపడింది వరండాలో, గల్, గల్, గల్. కారు తాళాలు చూపుడువేలికి తగిలించి గిరగిరా తిప్పుకుంటూ నడవడం లాహిరికి అలవాటు. గుమ్మం మీద కేయా నాలుగేళ్ల కిందట పెద్దక్షరాలతో కాగితం అంటించింది, తాళాలతో లోపలికి రావద్దు అని. ఆ కాగితం కిందుగానే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చాడు.

"నాకూ వచ్చింది మెయిల్ కాపీ. ఏంటమ్మా కేయా ఇది? ఎవరు రాశారు ఆ లెటర్? అంత చప్పగానా?"

"నేనే సర్."

"నువ్వే చప్పగా రాసుకుంటే వాళ్లేం చేస్తారు? కలం నీ చేతికే ఇచ్చాను కదా."

"మీరు చదువుతారనుకున్నాను."

"భలేదానివే. నేను చదివేవాణ్ణయితే నిన్నెందుకు రాయమంటాను?" గల్, గల్. "సరే, అయిందేదో అయింది. బెంగుళూరు వాళ్లది ఒకటుంది, సోమవారం గడువు. కొత్తది రాసి పట్రా, ఈసారి కాస్త గట్టిగా. ఋతబ్రతది అడిగి తీసుకో, అచ్చం నేను మాట్లాడినట్టే రాశాడు వెధవ."

డబ్బాలో నాలుగు వందల పదిహేడు పరుగు మొదలుపెట్టింది. గోడవారనే ఒక చుట్టు, రెండు చుట్లు, కడుపు బరువుకు వంకరగా, మూడో చుట్టులో ఎగిరి మూతకు కొట్టుకుని పక్కకు పడింది. కాళ్లు వెనక్కి బిగుసుకున్నాయి. నోరు తెరిచి ఉంది, ఊపిరి లేదు.

"సర్, తాళాలు."

"ఏం తాళాలు?"

"జేబులో పెట్టండి సర్."

ఆయన పెట్టలేదు, చేతిలో ఏముందో చూసుకున్నాడు, అంతసేపూ అవి గలగలమంటూనే ఉన్నాయి. నిమాయ్ దా వచ్చి ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ప్రొఫెసర్ చేతిని పట్టుకుని ఆ తాళాలు గుప్పిట్లో మూసేశాడు. ఎలుక ఒక్కసారి ఒళ్లు విరిచి ఊపిరి పీల్చుకుంది. పక్కకు పడుకునే ఉంది, కళ్లు తెరిచి, పొట్ట గబగబా ఎగిసిపడుతూ. అప్పుడు కేయా మూత తీసి డబ్బాను బల్ల మీద ఆయన ముందుకు తోసింది, చూపుడువేలితో, ఆయన కాగితం తోసినట్టే.

"దీన్ని మీరు చెయ్యండి సర్. నేను సంతకం పెడతాను."

"ఏంటీ?"

"ఫారంలో చంపే మనిషి పేరు మీదే కదా. ఒక్కటైనా మీరు చెయ్యండి."

లాహిరి నవ్వాడు, నవ్వి నిమాయ్ దా వైపు చూశాడు, ఆయన నవ్వలేదు, డబ్బా వైపే చూస్తున్నాడు, ఇవాళ మొదటిసారి చూడాల్సిన వైపు చూస్తున్నాడు. అటెండరు ముందు వెనక్కి తగ్గడం లాహిరి వల్ల కాలేదు. "దీనికింత రాద్ధాంతమా" అని రుమాలు జేబులో పెట్టుకుని తోక పట్టుకున్నాడు, చివర పట్టుకున్నాడు, మొదలు దగ్గర పట్టుకోవాలని కూడా మర్చిపోయాడు. ఎలుక తిరగబడి వేలు కొరికింది. ఆయన అరిచి గుంజాడు, తోక తోలు తొడుగులా ఊడి ఆయన వేళ్లలో ఉండిపోయింది, ఎర్రటి తీగలాంటి తోకతో ఎలుక బల్ల మీద గింగిరాలు తిరిగింది, ఆయన దాన్ని పట్టుకోబోయి, పట్టుకుని, ఒంటికి అంటుకున్న నిప్పును విదిలించినట్టు గోడకేసి విసిరేశాడు. గోడ మీద నిమ్మకాయంత మరక. కింద అది ఇంకా చావలేదు. ముందు కాళ్లతో పాక్కుంటూ అరల వైపు పోతోంది, తన డబ్బా ఉండే అర వైపే. వదిలితే దానికే బాధ. కేయా రెండంగల్లో వెళ్లి రెండు చేతుల్లోకి తీసుకుంది, వేళ్లు మెడ వెనక పడ్డాయి, ఒక్క గుంజు. నలభై ఆరు. పొట్ట మాత్రం ఆమె అరచేతిలో ఇంకా కాసేపు కదులుతూనే ఉంది.

లాహిరి కుళాయి కింద వేలు పెట్టుకుని "ఇంజెక్షన్ చేయించుకోవాలా?" అని అడుగుతున్నాడు. కేయా దాన్ని ట్రేలో పెట్టింది, తోక లేనిదాన్ని ఏ వైపు తిప్పాలో తెలియక ఒక క్షణం ఆగి, మగదాని పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని రిజిస్టర్ తెరిచింది. "తక్షణం అని రాసెయ్" అన్నాడు లాహిరి వెనక నుంచి, గొంతు ఇంకా సర్దుకోలేదు. ఆమె రాసింది. నంబరు నాలుగు వందల పదిహేడు, ఆడది, నిండు చూలు. చంపినది ప్రొఫెసర్ దీప్తేందు లాహిరి. మొదటి ప్రయత్నంలో చావలేదు, తోక తోలు ఊడింది. గోడకు విసిరేశారు, అప్పటికీ చావలేదు. రెండో మనిషి చేతిలో చచ్చింది. ఈ వంశం ఇక్కడితో ఆఖరు, దీన్ని ఇరవై మూడు తరాలు నిలబెట్టింది కేయా నస్కర్, ఈ ఆలోచన ఆమెదే, ఇంకెవరిదీ కాదు. చివరి వాక్యం రాస్తుంటే సిగ్గు కోసం కాసేపు ఆగి చూసింది, రాలేదు. కింద తన సంతకం పెట్టి, రిజిస్టర్‌ను ఆయన వైపు తిప్పింది.

లాహిరి అలవాటుగా పెన్ను మూత తీశాడు. "ఎక్కడ?" అన్నాడు.

ఆ పేజీ మీద పసుపు చీటీ లేదు. ఆయన పెన్ను గాల్లో కాసేపు అటూ ఇటూ తిరిగింది, కింద వెతికింది, పక్కన వెతికింది, దొరకలేదు. చివరికి కళ్లజోడు సర్దుకుని, వంగి, మొదటి వరస మీద వేలు పెట్టి లాహిరి చదవడం మొదలుపెట్టాడు.